నట్టు బిగిసింది, నీళ్ళు ఆగలేదు

ప్రశ్న: బట్టలు నానబెట్టుకోవడానికి, తుడుపు గుడ్డలు పిండుకోవడానికి వాషింగ్ మెషీన్ పక్కన ఈ మధ్యే కొత్త ప్లాస్టిక్ యుటిలిటీ సింకు పెట్టించుకున్నాం. సింకు లోతుగా, బాగానే ఉంది. గొడవంతా అడుగున నీళ్ళు పోయే చోటే. పెట్టెలో సింకుతో పాటు వచ్చిన స్టీలు కప్లింగ్‌నే, అంటే కన్నంలో కూర్చునే జల్లెడ గొట్టాన్నే, ప్లంబరు బిగించాడు. మొదటి రోజు నుంచే కింద చుక్కలు. మళ్ళీ పిలిస్తే విప్పి, మరల మీద తెల్ల టేపు మందంగా చుట్టి బిగించాడు. నాలుగు రోజులు ఆగి మళ్ళీ మొదలైంది. మూడోసారి నట్టు చుట్టూ ఎపాక్సీ ముద్ద మెత్తాడు. ఇప్పుడు ఆ ముద్ద పక్కనుంచి కారుతోంది. విచిత్రం ఏమిటంటే, ముద్ద మెత్తకముందు నట్టు పానాకు కూడా కదలనంతగా బిగిసి ఉంది, కానీ పైన జల్లెడ పట్టుకుని తిప్పితే నట్టుతో సహా కప్లింగ్ మొత్తం తిరిగింది. పై అంచు చుట్టూ ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచే ఉంటాయి. ఇంకా గట్టిగా బిగించమని మా మామగారు, సింకే మార్చేద్దామని మా వారు. కింద బక్కెట్టు పెట్టడం, పారబోయడం, ఇదే నా పనైపోయింది. సింకు మార్చాల్సిందేనా? బాగయ్యేదాకా దీన్ని వాడుకునే దారి ఏమైనా ఉందా?
ఒక పాఠకురాలు

జవాబు: ఈ ఒక్క విషయంలో మీ మామగారి మాటా వినకండి, మీ వారి మాటా వినకండి. సింకులో లోపం ఉన్నట్టు మీ ఉత్తరంలో నాకెక్కడా కనిపించలేదు. ఇంకా బిగిస్తే మాత్రం లేని లోపం వచ్చి కూర్చుంటుంది. జబ్బేమిటో మీకు తెలియకుండానే మీరే రాసేశారు. నట్టు పానాకు కూడా కదలడం లేదు, కప్లింగ్ మాత్రం చేత్తో తిప్పితే తిరుగుతోంది. ఈ రెండూ ఒకేచోట ఉండకూడదు. నట్టు నిజంగా సింకును పట్టుకుని ఉంటే కప్లింగ్ అలా తిరగదు. తిరుగుతోందంటే నట్టు బిగుసుకున్నది సింకుకు కాదు, మరెక్కడో. ఎక్కడో కనుక్కుంటే సగం పని అయినట్టే.

ఈ కప్లింగ్ నీళ్ళను ఎలా ఆపుతుందో ముందు చూద్దాం. పైన వెడల్పాటి అంచు, దాని కింద మరలున్న గొట్టం. గొట్టం సింకు కన్నంలోంచి కిందికి దిగుతుంది, అంచు పైన ఆనుకుంటుంది. కింది వైపు నుంచి ముందు రబ్బరు వాషరు, ఆ తర్వాత నున్నగా జారే గట్టి వాషరు, చివర నట్టు. నట్టు పైకి ఎక్కేకొద్దీ సింకు అడుగు, పై అంచుకూ కింది రబ్బరుకూ మధ్య చిక్కుకుంటుంది. ఆ నొక్కుడికి రబ్బరు అణిగి, చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళలోకి పాకుతుంది. నీళ్ళు ఆగేది అక్కడే, మరల దగ్గర కాదు. ప్రెషర్ కుక్కర్ సంగతి మీకు నేను చెప్పేదేముంది. గ్యాస్కెట్ సాగిపోయాక మూత పిడి ఎంత గట్టిగా పట్టినా ఆవిరి పక్కనుంచి పోతూనే ఉంటుంది. ఇక్కడా అంతే. నట్టు పని రబ్బరును నొక్కడం, అంతవరకే. కాబట్టి నట్టు బిగిసిందా అని చూడటం కాదు, రబ్బరు నలిగిందా అని చూడాలి.

మీ ప్లంబరు టేపు చుట్టింది ఇది ఆలోచించకుండానే. టేపు పనికొచ్చేది కొస వైపు పోయేకొద్దీ సన్నబడే మరలకు. కుళాయి కనెక్షన్లలో, ఇనుప గొట్టాల్లో ఉండేవి అవి. వాటిలో మరలే ఒకదాన్నొకటి నొక్కుకుని నీళ్ళను ఆపుతాయి, మిగిలిన సందుల్ని టేపు పూడుస్తుంది. కప్లింగ్ మరలు పైనుంచి కిందిదాకా ఒకే లావు. వాటి మీద ఎంత టేపు చుట్టినా నీళ్ళకు దారి ఇరుకవుతుందే తప్ప మూసుకుపోదు. మీకు నాలుగు రోజులు ఆగింది అందుకే. పైగా మందంగా చుడితే ఇంకో చిక్కు. నట్టు సగం దారిలోనే టేపు మీద బిగుసుకుంటుంది. చేతికేమో గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుంది, రబ్బరు మీద ఒత్తిడి మాత్రం ఉండదు.

సరే, టేపు చుట్టకముందు కూడా కారింది కదా. దానికి నాకు ఎక్కువ అనుమానం ఉన్న కారణం చెబుతాను.

కప్లింగ్‌లలో ఫుల్ త్రెడ్, హాఫ్ త్రెడ్ అని రెండు రకాలుంటాయి. ఫుల్ త్రెడ్‌లో మరలు దాదాపు అంచు కిందనుంచే మొదలవుతాయి. హాఫ్ త్రెడ్‌లో పైన కొంత దూరం నున్నటి గొట్టం, ఆ తర్వాతే మరలు. పింగాణీ బేసిన్ల అడుగు మందంగా ఉంటుంది కాబట్టి ఆ నున్నటి భాగం మందంలోనే కలిసిపోతుంది, నట్టుకు ఇబ్బంది ఉండదు. ప్లాస్టిక్ సింకు, స్టీలు సింకు అలా కాదు, అడుగు పల్చన. ఉదాహరణకు నున్నటి భాగం 12 మి.మీ. ఉందనుకోండి. సింకు అడుగు 5, రబ్బరు 4, గట్టి వాషరు 1, మొత్తం 10 మి.మీ. నట్టు ఎక్కి ఎక్కి మరలు అయిపోయిన చోట ఆగిపోతుంది. అక్కడినుంచి ఎంత బలం పెట్టినా అది కప్లింగ్‌ను పట్టుకుని పిండటమే. వాషరుకు దానికి మధ్య ఇంకా 2 మి.మీ. ఖాళీ మిగిలే ఉంటుంది. పానాకు రాకపోవడం, కప్లింగ్ తిరగడం, చుక్కలు కారడం, మీరు చెప్పిన మూడూ దీనికి సరిపోతున్నాయి.

నా అనుమానం నిజమో కాదో తేల్చుకోవాలంటే విప్పాలి. ఎపాక్సీ ఉంది కదా అని భయపడకండి. సాధారణంగా ఈ సింకులు చేసే ప్లాస్టిక్‌కు ఎపాక్సీ సరిగా అంటుకోదు. సింకు వైపు మొండి స్క్రూడ్రైవరుతో మెల్లగా లేపితే పెచ్చులుగా ఊడిపోతుంది. లోహానికి పట్టింది మాత్రం మొండికేస్తుంది. నట్టు రాకపోతే దానితో కుస్తీ పట్టొద్దు, హ్యాక్‌సా బ్లేడుతో నట్టును నిలువుగా కోసేయండి. కప్లింగ్ పాడైనా ఫరవాలేదు, ఎలాగూ మార్చేదే. బ్లేడు సింకుకు మాత్రం తగలకూడదు. మధ్యలో పాత అట్ట ముక్క దూర్చి పని చేస్తే నిశ్చింత.

విప్పాక కప్లింగ్‌ను బల్ల మీద పెట్టి, అంచు అడుగు నుంచి మొదటి మర దాకా స్కేలుతో కొలవండి. తర్వాత సింకు అడుగు మందం, దానికి రబ్బరూ గట్టి వాషరూ కలపండి. మొదటి అంకె కంటే రెండోది పెద్దదిగా ఉండాలి. ఎంత పెద్దదైతే అంత మంచిది, రబ్బరు నలగడానికి చోటుండాలి కదా. రెండూ సమానంగా వచ్చినా పనికిరాదు. నట్టు తాకి ఊరుకుంటుంది, నొక్కదు.

లెక్క తప్పితే మందు ఒకటే, ఫుల్ త్రెడ్ కప్లింగ్. పాతదాన్నే వాడి, ఖాళీలో మరో రెండు మూడు రబ్బరు వాషర్లు పేర్చే వాళ్ళుంటారు. నాకది నచ్చదు. మెత్తటి వాటిని ఒకదాని మీద ఒకటి పేరిస్తే బిగించేటప్పుడు తలోవైపు జారి బయటికి ఉబ్బుతాయి. కొత్త కప్లింగ్ దొరికేలోగా తప్పదనుకుంటే సింకుకు ఆనేది ఒకే రబ్బరు ఉండాలి, ఖాళీని పూడ్చేది గట్టి ప్లాస్టిక్ రింగు కావాలి, ఆ కింద నట్టు.

కొత్తది కొనేముందు ఇంకో రెండు విషయాలు చూసుకోవాలి, లేకపోతే మళ్ళీ ఇదే కథ.

ఒకటి సైజు. ఇక్కడ పేరుకూ కొలతకూ పొంతన ఉండదు, చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 32 మి.మీ. కప్లింగ్ అని అమ్మేదాన్ని మరల మీద కొలిస్తే దాదాపు 42 మి.మీ. వస్తుంది. 40 మి.మీ. అనేదాన్ని కొలిస్తే దాదాపు 48. ఒకటింపావు అంగుళం, ఒకటిన్నర అంగుళం అనే గొట్టాల లెక్క అది. లోపల నీళ్ళు పోయే దారిని బట్టి పెట్టిన పేర్లు, బయటి లావును బట్టి కాదు. మీరు ఇంట్లో 42 కొలుచుకుని వెళ్ళి నలభై రెండుకు దగ్గరగా ఉందని నలభైది తెచ్చుకుంటే కన్నంలో దూరదు. అందుకే అంకె రాసుకుని వెళ్ళడం కన్నా పాత కప్లింగ్‌నే సంచిలో వేసుకుని వెళ్ళండి. సింకు కన్నం అడ్డకొలత కూడా తీసుకోండి. కన్నం మరల లావు కంటే రెండు మూడు మి.మీ. ఎక్కువుంటే హాయి. బాగా పెద్దదైతే కప్లింగ్ ఒక పక్కకు జరిగి కూర్చుంటుంది, రెండో పక్కన రబ్బరుకు ఆనడానికి సింకే మిగలదు. అప్పుడు పెద్ద సైజు కప్లింగే వాడాలి. బిగించి సర్దుకునే వ్యవహారం కాదది.

ఇంకా, నట్టునూ కప్లింగ్‌నూ వేరు వేరు చోట్ల నుంచి తెచ్చి కలపకండి. ఒకటిన్నర అంగుళం మరల్లో ఒక ప్రమాణం ప్రకారం అంగుళానికి 11 చుట్లు, అమెరికా ప్రమాణం ప్రకారం పదకొండున్నర. చూపుకు తేడా తెలియదు. రెండు మూడు చుట్లు తిరిగి పట్టేస్తుంది. అదీ మళ్ళీ ‘గట్టిగా బిగిసింది’ అనే భ్రమే. కొనేచోటే నట్టును వట్టి చేత్తో పైదాకా ఎక్కించి చూడండి. చివరిదాకా సులువుగా పోవాలి.

రెండోది కప్లింగ్ పక్కల ఉండే చీలికలు. కొన్ని కప్లింగ్‌ల గొట్టానికి అంచు కింద నిలువుగా రెండు పొడవాటి కన్నాలుంటాయి. చేతులు కడుక్కునే బేసిన్లలో పైన చిన్న రంధ్రం చూసే ఉంటారు, నీళ్ళు నిండిపోతే అందులోంచి బేసిన్ గోడ లోపలి దారిన కిందికొచ్చి ఈ చీలికల్లోంచి కప్లింగ్‌లో పడతాయి. దాని కోసం పెట్టినవవి. మీ సింకుకు పైన అలాంటి రంధ్రం లేకపోతే చీలికలున్న కప్లింగ్ అస్సలు వాడకూడదు. లోపలికి రావడానికి చేసిన దారి బయటికి పోవడానికి కూడా దారే కదా. కప్లింగ్‌లో దిగిన నీళ్ళు చీలికలోంచి బయటికొచ్చి, మరల వెంబడి మెల్లగా నట్టు కిందికి చేరి చుక్కలు కడతాయి. రబ్బరు ఎంత నలిగినా ఈ కారుడు ఆగదు, ఎందుకంటే నీళ్ళు రబ్బరును చుట్టి రావడం లేదు, దాన్ని దాటేసి లోపలినుంచి వస్తున్నాయి. మీ పాతదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. చీలికలుంటే మీ కథలో దొంగలు ఇద్దరన్నమాట.

ఇక సింకు సంగతి. కప్లింగ్ లేనప్పుడు కన్నం చుట్టూ పైనా కిందా చూపుడు వేలితో ఒకసారి తడమండి. అచ్చులో పోసిన ప్లాస్టిక్‌కు కన్నం అంచున సన్నటి పిసరు మిగిలి ఉంటుంది, వేలికి గరుకుగా తగులుతుంది. వెంట్రుకంత పిసరైనా రబ్బరును ఒకచోట ఎత్తి పెడుతుంది, నీళ్ళకు అంత సందు చాలు. పదునైన చాకుతో గీకి, సన్నటి గరుకు కాగితంతో నున్న చేయండి. కింది వైపు బలం కోసం పెట్టిన ఎత్తు గీతలు కన్నం దాకా వచ్చాయేమో కూడా చూడండి. రబ్బరు వాషరు ఆ గీతల మీద కూర్చుంటే వంతెన మీద పరుపు వేసినట్టే, కింద ఖాళీలు అలాగే ఉంటాయి. గీతల మధ్యలో పట్టేంత చిన్న వాషరు వాడటమో, వాషరు కూర్చునే మేర గీతలను అరగదీయడమో చేయాలి. అరగదీసేటప్పుడు అడుగు మందం తగ్గకూడదు, పైకి లేచిన గీత మటుకే పోవాలి.

అంచు చుట్టూ నీళ్ళు నిలుస్తున్నాయన్నారు కదా. చాలా సింకుల్లో కన్నం చుట్టూ పళ్ళెం లాంటి చిన్న గుంట ఉంటుంది. కప్లింగ్ అంచు ఆ గుంటలో ఒదిగి, సింకు అడుగుకు సమానంగానో కాస్త కిందుగానో కూర్చోవాలి. అంచు గుంటకంటే వెడల్పైతే గట్టు మీద ఆగిపోతుంది. కింద ఖాళీ, పైన నీటి మడుగు. నిలిచిన నీళ్ళు కారేదానికి కారణం కాకపోవచ్చు గానీ, ఆ ఖాళీలోకి మెల్లగా ఊరుతూ ఉంటాయి. కొత్త కప్లింగ్ అంచు వెడల్పును గుంటతో కూడా సరిచూసుకోండి. పొడిగా పెట్టి చుట్టూ గోరు ఆనిస్తే చాలు, ఎత్తు తెలిసిపోతుంది.

ఏ పూత వాడాలి అనే ప్రశ్న మీరు అడగలేదు, కానీ కప్లింగ్ కొనేచోట ఎవరో ఒకరు ఏదో ఒక డబ్బా చేతిలో పెడతారు. సింకు అడుగునో వెనకో మూడు బాణాల త్రికోణం, అందులో అంకె ఉందేమో చూడండి. 5 ఉంటే పాలీప్రొపిలీన్, 2 ఉంటే గట్టి రకం పాలిథిన్. ఈ రెండింటికీ మామూలు జిగురేదీ సరిగా అంటదు, సిలికాన్ కూడా. మీ ప్లంబరు మెత్తిన ముద్ద పక్కనుంచి కారడంలో వింతేమీ లేదు. అయినా అంచు కింద సన్నగా సిలికాన్ వేయడం మంచిదే, అంటుకోవడానికి కాదు, ఆ సందుకు సరిపోయే రబ్బరులా గడ్డకట్టి కూర్చోవడానికి. నూనె కలిసిన పుట్టీని మాత్రం ప్లాస్టిక్ సింకుల దగ్గరకు రానివ్వకండి. కొన్ని ప్లాస్టిక్‌లు దానికి నెమ్మదిగా పెళుసై చిట్లుతాయి.

ఇప్పుడు బిగించడం. ముందు అన్నీ పొడిగా, ఏ పూతా లేకుండా అమర్చి, నట్టును వేళ్ళతో ఎక్కించండి. రబ్బరుకు తాకాక ఇంకా మరలు మిగిలి ఉన్నాయా, కప్లింగ్ కన్నం మధ్యలోనే ఉందా, అంచు అన్ని వైపులా ఆనుతోందా చూసుకోండి. ఈ పొడి అమరిక ఐదు నిమిషాల పని. మీ ఇంట్లో మూడుసార్లు జరిగిన పనిలో ఒక్కసారీ ఇది జరిగినట్టు లేదు. అంతా కుదిరాక విప్పి, సబ్బునీళ్ళతో జిడ్డు పోయేలా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అంచు అడుగున సిలికాన్‌ను తెగకుండా ఒక చుట్టు వేయండి. కప్లింగ్‌ను తిన్నగా దించండి, దించాక పక్కలకు తిప్పొద్దు. కింద రబ్బరు, గట్టి వాషరు, నట్టు. ఆ గట్టి వాషరు అలంకారానికి కాదు. అది లేకపోతే తిరిగే నట్టు రబ్బరును తనతో ఈడ్చుకుపోయి ముడతలు పెడుతుంది.

నట్టు తిప్పేటప్పుడు పైన ఇంకొకరు కప్లింగ్‌ను కదలకుండా పట్టుకోవాలి. జల్లెడ ఊడే రకమైతే తీసేసి, లోపలి అడ్డ కమ్మీల మధ్య కటింగ్ ప్లయర్ పిడులు రెండూ దూర్చి పట్టుకుంటే చాలు. ఈ పని మీ మామగారికి అప్పగించండి, ఆయన బలం సరిగ్గా ఉపయోగపడేది ఇక్కడే. మీరు కింద కూర్చుని చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన పానాతో పావు చుట్టు తిప్పండి. రబ్బరు అంచు చుట్టూ ఒకే తీరుగా కొంచెం ఉబ్బితే ఆపేయండి. ఒకచోట నాలుకలా బయటికి పొడుచుకొచ్చిందంటే ఎక్కువ బిగించారన్నమాట. విప్పి మళ్ళీ మొదలుపెట్టాలి.

‘ఇంకొంచెం’ అనే మాట నన్ను ఒకసారి కొంప ముంచింది. కొత్త ప్లాస్టిక్ సింకుకు అంతా సవ్యంగా బిగించి, చుక్క కూడా కారకపోయినా, మనశ్శాంతి కోసం ఇంకో అర చుట్టు తిప్పాను. అప్పుడేమీ కాలేదు. కొన్నాళ్ళకు వేడినీళ్ళు పోసిన రోజున కన్నం దగ్గర్నుంచి రెండు అంగుళాల బీట పాకింది. సింకు పోయింది. తప్పు నాదే, ఎవరినీ అనడానికి లేదు. అప్పటినుంచి ప్లాస్టిక్ సింకు కింద పొడుగు పిడి పానా వాడటం మానేశాను. చిన్న పానాతో ఎంత తెగించినా అంత బలం రాదు.

సిలికాన్ పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు వదిలేయండి. గాలిలో తేమతోనే అది గడ్డకడుతుంది, పైనుంచి లోపలికి. తాకితే అంటుకోకపోయినా లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది. మర్నాడు పరీక్ష పెట్టండి, రెండు అంచెలుగా. కింద పొడి కాగితం పరిచి, నట్టు చుట్టూ టిష్యూ పేపరు చుట్టి, సింకుకు మూత పెట్టి నిండా నీళ్ళు పట్టండి. సగం నింపి సరిపెట్టుకోవద్దు. 70 లీటర్లు పట్టే సింకయితే 70 కిలోల బరువు అడుగున పడుతుంది, అడుగు కాస్త వంగుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు అతికిన సందు అప్పుడు విచ్చుకోవచ్చు. ఓ రెండు గంటలు అలాగే ఉంచండి. టిష్యూ తడిస్తే నీళ్ళు అంచు కిందనుంచి వస్తున్నట్టు. పొడిగానే ఉంటే మూత ఒక్కసారిగా లాగేసి, నీళ్ళు పోతున్నంతసేపూ కింద చూడండి. తడి అప్పుడే కనిపిస్తే తప్పు అంచు దగ్గర కాదు. చీలికలున్న కప్లింగో, కింది వేస్ట్ పైపు జాయింటో కారణం. ఏది ఎప్పుడు తడిసిందో చూడకుండా విప్పడం మొదలుపెడితే మంచిగా ఉన్నదాన్ని పాడుచేసుకుంటాం.

కింది జాయింట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వేస్ట్ పైపునో, బాటిల్ ట్రాప్‌నో (వాసన పైకి రాకుండా కాసిని నీళ్ళు నిలిపి ఉంచే సీసా లాంటి భాగం) కప్లింగ్‌కు తగిలించినప్పుడు అది తనంతట తాను ఎదురుగా వచ్చి నిలవాలి. పక్కకు లాగి పట్టుకుని బిగించాల్సి వస్తే ఆ లాగుడు ఎప్పటికీ కప్లింగ్ మీదే ఉంటుంది, పైన మీరు పడ్డ శ్రమంతా వదులైపోతుంది. అక్కడుండే ఏటవాలు వాషరు సన్నటి వైపు నట్టుకు కాక, నట్టు ఎక్కే గొట్టం వైపు ఉండాలి, చాలాసార్లు తిరగేసి పెట్టేస్తారు. వాషింగ్ మెషీన్ నీళ్ళు కూడా ఈ సింకులోకే వదులుతుంటే ముడతల పైపు వాడకండి. బట్టల నూగు ముడతల్లో పేరుకుని పైపు బరువెక్కి కిందికి జారుతుంది. నున్నటి గట్టి పైపు, మీటరుకు 2 సెం.మీ. వాలు, అంతే కావాల్సింది.

వారం పది రోజులు వాడాక ఒక్కసారి నట్టును చేత్తో కదిపి చూడండి. వేడికి ప్లాస్టిక్ స్టీలు కంటే చాలా రెట్లు ఎక్కువ సాగుతుంది, చల్లారాక మళ్ళీ ముడుచుకుంటుంది. పైగా ఎప్పుడూ నొక్కుడు కింద ఉండే ప్లాస్టిక్ కొంచెం అణుగుతుంది కూడా. నట్టు తేలిగ్గా కదిలితే పైన పట్టుకుని, చేత్తో మళ్ళీ బిగించండి, పానా అక్కర్లేదు. కదలకపోతే దాని జోలికి పోకండి.

సింకు మార్చాల్సి వచ్చే సందర్భాలు రెండే. కన్నం నుంచి బయటికి పాకే వెంట్రుక బీట ఒకటి. కప్లింగ్ తీశాక సిరా నీళ్ళు పూసి తుడిస్తే బీట ఉన్నచోట గీత మిగులుతుంది. కన్నం గుండ్రంగా లేకపోవడం రెండోది. అడ్డంగా, నిలువుగా కొలిస్తే కొలతలు బాగా తేడా వస్తాయి. ఈ రెండింటిలో ఏదున్నా మీరు ఏమీ పూయకండి, అరగదీయకండి. ఫొటోలు తీసి, రసీదుతో అమ్మినవాళ్ళ దగ్గరకు వెళ్ళండి. అసలు పెట్టెలో వచ్చిన కప్లింగే ఆ సింకుకు సరిపోలేదని స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోతో చూపిస్తే, సరైన కప్లింగ్ వాళ్ళే ఇవ్వాలని అడిగే హక్కు మీకుంది. కొలతలతో అడిగితే ‘మీ ప్లంబరు సరిగా బిగించలేదండీ’ అని తోసేయడం వాళ్ళకూ అంత తేలిక కాదు.

బాగయ్యేదాకా వాడుకోవడం గురించి అడిగారు. ఇప్పుడున్నది ఎలాగూ తీసేయాలి కాబట్టి, తీసేశాక కన్నం కింద సరిగ్గా నడిమికి వచ్చేలా బక్కెట్టు పెట్టి, సింకును పెద్ద గరాటు అనుకుని చిన్న పనులకు వాడుకోండి. గుడ్డ ఉతికి పిండటం, మగ్గు కడగడం వరకు ఇబ్బంది ఉండదు. వాషింగ్ మెషీన్ గొట్టం మాత్రం ఈ కొద్ది రోజులూ సింకులో పెట్టకండి, ఒక్క విడతకే బక్కెట్టు పొంగిపొర్లుతుంది. ఆ గొట్టాన్ని బాత్రూం జాలీ దాకా లాగి, ఊడి రాకుండా తాడుతో కట్టండి.